మూడో గడిలో ‘ఏమీ లేదు’

ఆవిడను మేం ఎర్రసిరా అనేవాళ్ళం. ఎదురుగా కాదు లెండి. ఎదురుపడితే ‘మేడమ్’ అనేవాళ్ళం, అదీ ఒకసారి గొంతు సవరించుకుని. కాళ్ళూ చేతులూ పోయినవాళ్ళకు కృత్రిమ అవయవాలు అమర్చే కేంద్రంలో ఆవిడ సోషల్ వర్కరు. కింది అంతస్తంతా వర్క్‌షాపు. మెట్లెక్కుతుంటే చెక్కపొట్టూ తోలూ జిగురూ కలిసిన వాసన మనతోపాటే పైకి వచ్చేది. పైన రెండు కిటికీల గది ఆవిడది. మా కాలేజీ నుంచి ఏటా ఐదుగురు విద్యార్థులు వారానికి రెండు రోజులు ఆవిడ దగ్గర పని నేర్చుకోవడానికి వెళ్ళేవారు. దాన్నే ఫీల్డ్ వర్క్ అనేవాళ్ళు. అది పూర్తి చేస్తేనే డిగ్రీ. మధ్యలో మానేస్తే ఏడాది గల్లంతు.

పొట్టి మనిషి. కళ్ళజోడు దారానికి మెడలో వేలాడేది. ఫోను ఎత్తితే అందరిలా ‘హలో’ అనేది కాదు. ‘చెప్పండి, వింటున్నా’ అనేది. అవతలివాళ్ళు పెట్టేశాక కూడా రెండు క్షణాలు రిసీవరు చెవి దగ్గరే ఉంచుకునేది, ఇంకేమైనా మిగిలిందేమో అన్నట్టు. ఆ అలవాటు ఎక్కడిదో నాకు తర్వాత తెలిసింది.

మేం ఒకరి ఇంటికి వెళ్ళి మాట్లాడి వచ్చిన ప్రతిసారీ ఒక రికార్డు రాయాలి. పొడుగాటి కాగితం మీద మూడు నిలువు గడులు. మొదటి గడిలో వాళ్ళేమన్నారు. రెండో గడిలో నేనేమన్నాను. మూడో గడిలో నాకేమనిపించింది. నేను చిన్నప్పటి నుంచీ పుస్తకాల పురుగుని. మొదటి రెండు గడులూ నాటకం రాసినట్టు రాసేదాన్ని. మూడో గడికి వచ్చేసరికి ఒకటే మాట: ‘ఏమీ లేదు.’

దాని పక్కన ఎర్ర సిరాతో ఆవిడ కూడా ఒకటే మాట రాసేది: ‘అబద్ధం.’

ఆరు వారాలు. ఆరు ‘ఏమీ లేదు’లు, ఆరు ‘అబద్ధం’లు. ఏడో వారం ఉక్రోషం ఆపుకోలేక అడిగాను.

“మేడమ్, నిజంగానే ఏమీ అనిపించకపోతే ఏం రాయాలి?”

“ఏమీ అనిపించనిది గోడకి. నువ్వు గోడవే అయితే ఇక్కడెందుకమ్మాయ్? పోయి మేస్త్రీతో మాట్లాడుకో.”

గదిలో మిగిలిన నలుగురూ కిసుక్కున నవ్వారు. నేనూ నవ్వాను, పళ్ళు బిగించి. ఆ వారమే నాకు ఫోర్‌మన్ గారిని అప్పగించింది.

ఫోర్‌మన్ అంటే బస్సుల గ్యారేజీలో ఫోర్‌మన్. ముప్ఫై ఏళ్ళు బస్సుల కింద పడుకుని పనిచేసిన మనిషి. ఏడాది కిందట ఆగి ఉన్న బస్సొకటి వెనక్కి దొర్లి ఎడమ కాలి మీదుగా పోయింది. మోకాలి కింద తీసేశారు. అప్పటి నుంచి గది దాటి బయటికి రాలేదు. కొత్త కాలు అమర్చడానికి కేంద్రం రెండుసార్లు తేదీ ఇచ్చింది, రెండుసార్లూ రాలేదు. ఇప్పుడిచ్చింది మూడోది, ఈ గురువారం పది గంటలకు. ఆయన సంతకం పెట్టిన కార్డు బుధవారం సాయంత్రం ఐదింటికల్లా వర్క్‌షాపు గుమాస్తా చేతిలో పడాలి. లేకపోతే జాబితాలోంచి పేరు కొట్టేస్తారు. మళ్ళీ దరఖాస్తు, మళ్ళీ కొలతలు, మళ్ళీ ఏడాది. ఆ సంతకం పెట్టించడం నా పని.

మంగళవారం వెళ్ళాను. కిటికీలు మూసిన గది. పాత మందులూ చెమటా కలిసిన వాసన. ఆయన గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. నేను నోటుపుస్తకం తెరిచి, ముందే రాసుకున్న ప్రశ్న అడిగాను.

“ప్రస్తుత పరిస్థితి పట్ల మీ మనోభావాలు ఏమిటండీ?”

ఆయన మెల్లగా ఇటు తిరిగాడు. “నా ఏంటి?”

“మనోభావాలు.”

“ఇదిగో, వింటున్నావా?” అని భార్యను పిలిచాడు. “మన ఇంట్లో మనోభావాలేమైనా ఉన్నాయా? ఈ అమ్మాయికి కావాలట. ఉంటే ఓ రెండు పొట్లం కట్టి పంపించు.”

నాకు రెండో ప్రశ్న గుర్తు రాలేదు. పుస్తకంలో ఉంది, కానీ అక్షరాలు కనబడటం లేదు. చేతులు వణుకుతున్నాయి. అది చూసి ఆయనకు ఇంకా చిర్రెత్తింది.

“నాకేం జాలి అక్కర్లేదు. నా దగ్గరికొచ్చి నీ మార్కులు సంపాయించుకుంటున్నావు, అంతేగా? పో. పోయి రాసుకో.”

వాకిట్లోకి వచ్చి పడ్డాను. రెండు మలుపులు తిరిగాక ఒక మూసిన దుకాణం మెట్ల మీద కూర్చున్నాను. ఇక నావల్ల కాదు, మానేస్తున్నాను. ఆ నిర్ణయం అయిపోయాక ఒక వింత ధైర్యం వచ్చింది. ఎలాగూ పోతున్నదాన్ని, ఇక భయం దేనికి? సంచిలోంచి కాగితం తీసి, మూడో గడి ఒక్కటే, పై నుంచి కింది దాకా నింపేశాను. ఒక్క మాట కూడా కొట్టివేయలేదు. ఆవిడ అడిగిన నిజం ఆవిడ మొహాన కొట్టి పోదామని. ఆ రాత్రే కాలేజీకి రాజీనామా ఉత్తరం కూడా రాశాను.

బుధవారం నా సంచిలో రెండు గోధుమరంగు కవర్లు. ఒకదాంట్లో ఫోర్‌మన్ గారి కార్డు. రెండోదాంట్లో ఎర్రసిరాకు ఇవ్వాల్సిన రికార్డు. లోపలికి వెళ్ళే ధైర్యం లేక గుమ్మం దగ్గరే ఆయన భార్య చేతిలో కవరు పెట్టి, “సంతకం పెట్టించండత్తయ్యా, మూడింటికి మా వాళ్ళెవరైనా వచ్చి తీసుకెళ్తారు” అని చెప్పి పరుగులాంటి నడకతో వచ్చేశాను. రెండున్నరకు ఎర్రసిరా బల్ల మీద రెండో కవరు పెట్టాను.

“ఇది నా చివరి రికార్డు మేడమ్. రేపటి నుంచి రాను. కాలేజీకి రాసిన రాజీనామా కూడా సంచిలోనే ఉంది.”

ఆవిడ నా మొహంలోకి చూసింది. కవరు చింపి, కళ్ళజోడు పెట్టుకుంది.

“ఎడమ కాలు, మోకాలి కింద, ఇరవై రెండు సెంటీమీటర్లు...” అని చదివి తలెత్తింది. “ఇదా నీ మూడో గడి?”

నా పై ప్రాణాలు పైనే పోయాయి.

“మేడమ్... ఆ కవరు... అంటే ఈ కవరు...”

“అంటే నీ రికార్డు?”

“వాళ్ళింట్లో ఉంది.”

“ఏం రాశావు అందులో?”

“అన్నీ.”

“అన్నీ అంటే?”

“అన్నీ, మేడమ్!”

ఏడుపు తన్నుకొచ్చింది. ఆవిడ అప్పటికే లేచి నిలబడి చేతిసంచి భుజాన వేసుకుంటోంది. విచిత్రం ఏమిటంటే ఆవిడ కళ్ళు మెరుస్తున్నాయి. పండగకు బయల్దేరే చిన్నపిల్లలా ఉంది.

“ఏడుపు బస్సులో ఏడుద్దువు గాని. కార్డు పట్టుకో. ఐదింటికి ఇంకా రెండున్నర గంటలుంది, పద!”

బస్సులో ఇద్దరం చివరి సీటులో కూర్చున్నాం. ప్రతి కుదుపుకీ ఎగిరిపడుతూ ఆవిడ చెప్పింది.

“నేను పారిపోయాను, తెలుసా?”

“ఎక్కడి నుంచి మేడమ్?”

“ఇక్కడి నుంచే. ఇదే కేంద్రం, ఇదే ఫీల్డ్ వర్క్. తొమ్మిదో వారం. ఒకావిడ నా ముందే కూలబడి ఏడ్చింది. నేను రికార్డులో ‘ఏమీ లేదు’ అని రాసి, మర్నాడు మంచం దిగలేదు. ఆ పైన నాలుగేళ్ళు టెలిఫోన్ ఎక్స్ఛేంజ్‌లో కూర్చుని ‘నంబర్ చెప్పండి’ అన్నాను. నాలుగేళ్ళూ జనం నా చెవిలో మాట్లాడుకున్నారు. ఒక్కరికి జవాబు చెప్పే పని లేదు. హాయిగా ఉండాలి కదా? చచ్చిపోయినట్టు ఉండేది.”

“మళ్ళీ ఎలా వచ్చారు?”

“సిగ్గు లేకుండా వచ్చాను. నాకంటే ఐదేళ్ళు చిన్నపిల్లల పక్కన కూర్చుని మళ్ళీ మొదటి వారం నుంచి చేశాను. అదిగో, దిగాల్సింది ఇక్కడేనా?”

నేను కిటికీలోంచి చూసి గావుకేక పెట్టాను. మా స్టాపు దాటిపోతోంది. ఆవిడ కండక్టరుకంటే ముందు బస్సు ఒంటిని దబదబా బాదింది.

గుమ్మంలో ఫోర్‌మన్ గారి భార్య కొంగుతో చేతులు తుడుచుకుంటూ నిలబడి ఉంది. మమ్మల్ని చూడగానే గొంతు తగ్గించింది.

“వచ్చారా? నువ్వా కవరిచ్చి పోయావో లేదో, మనిషి లేచి కూర్చున్నాడమ్మా! కళ్ళజోడు ఎక్కడ అన్నాడు. ఏడాది తర్వాత ఇవాళ అడిగాడు. పెన్సిలు చెక్కి ఇమ్మన్నాడు. ఇప్పటికి రెండుసార్లు చెక్కాను. ఇంతకీ ఏం రాశావమ్మా అందులో?”

ఎర్రసిరా నా మోచేయి పట్టుకుని లోపలికి లాక్కెళ్ళింది.

గదిలో కిటికీ తెరిచి ఉంది. ఆయన మంచం మీద నిటారుగా కూర్చుని, ఒళ్ళో పలక లాంటి చెక్క పెట్టుకుని, దాని మీద నా కాగితం పరుచుకుని ఉన్నాడు.

“రండి. ఈ బండి డ్రైవరెవరు? నువ్వేనా?”

ఎర్రసిరా ముందుకు వచ్చింది. “అయ్యా, తప్పు మాది. ఆ కాగితం మీకు రాకూడదు. మీ గురించి మా వాళ్ళు రాసుకున్నది మీ చేతికిలా రావడం మర్యాద కాదు. మీరు మా మీద ఫిర్యాదు చెయ్యొచ్చు. ఫారం నేనే ఇస్తాను.”

“ఫిర్యాదే కదమ్మా ఇది!” అని ఆయన కాగితాన్ని వేలితో టకటకా కొట్టాడు. “గ్యారేజీలో మాకూ ఇలాంటి రిజిస్టరే ఉండేది. బండి తెచ్చి పెట్టి డ్రైవరు ఫిర్యాదు రాయాలి. ఏం మోగుతోంది, ఎటు లాగుతోంది, ఎక్కడ వేడెక్కుతోంది. చాలామంది బద్ధకస్తులు ‘ఫిర్యాదు లేదు’ అని గీకి పోయేవాళ్ళు. నా కాలు మీదుగా పోయిన బండి హ్యాండ్‌బ్రేకు పట్టడం లేదని ఆ డ్రైవరుకు వారం రోజులుగా తెలుసు. రిజిస్టర్లో ఏం రాశాడో తెలుసా?”

వారం వారం అందంగా గుండ్రంగా రాసిన నా ‘ఏమీ లేదు’లు ఆరూ వరసగా కళ్ళముందు నిలబడ్డాయి.

“ఈ అమ్మాయి రాసింది,” అన్నాడాయన. “దాచకుండా రాసింది. అయితే మీ ఫారం ఎవరు వేశారో గాని సగం ఫారం వేశారు. ఫిర్యాదు పక్కన రిపేరు గడి ఏదీ? అందుకని నేనే గీశాను.”

నిజంగానే గీశాడు. కుడివైపు అంచులో స్కేలు లేకుండా, పెన్సిలుతో, వంకర లేని గీత. ఇక చదవడం మొదలుపెట్టాడు.

“ఫిర్యాదు: ‘నా చేతులు వణికాయి.’ రిపేరు: కొత్త బండి. రన్నింగులో సర్దుకుంటుంది. ఫిర్యాదు: ‘ప్రశ్న మరిచిపోయాను.’ రిపేరు: పుస్తకం మూసి అడగవలెను. ఫిర్యాదు: ‘గది వాసనకు కడుపులో తిప్పింది.’ రిపేరు: కిటికీ తీయించడమైనది.”

“ఎనిమిది నెలలుగా నేను మొత్తుకుంటున్నా వినలేదు!” అంది భార్య గుమ్మంలోంచి. “రేపటి నుంచి నేనూ కాగితం మీదే రాసిస్తా.”

“నువ్వుండు. ఫిర్యాదు: ‘ఆయనన్నది నిజమేమో, నేను మార్కుల కోసమే వచ్చానేమో.’” ఇక్కడ ఆగి కళ్ళజోడు మీదుగా నన్ను చూశాడు. “రిపేరు: నేనూ జీతం కోసమే చేరాను. బస్సులు నడిచాయి.”

ఎర్రసిరా ఫక్కున నవ్వింది. అలాంటి నవ్వు ఆవిడలో ఉందని మాలో ఎవరికీ తెలియదు. నాకూ నవ్వొచ్చింది. ఏడుపూ వచ్చింది. రెండూ ఒకేసారి రావడంతో పొలమారింది. అత్తయ్య నెత్తి మీద తట్టి నీళ్ళిచ్చింది.

“చివరిదొకటుంది,” అన్నాడాయన. “‘ఇంటికి వెళ్ళిపోవాలని ఉంది.’ దీనికి నా దగ్గర సామాను లేదు. మా చేతకాని బండిని పై వర్క్‌షాపుకు పంపేవాళ్ళం. అదే రాశాను.” కాగితం మడిచి ఎర్రసిరాకు ఇచ్చాడు. “మీకే.”

గోడ గడియారం నాలుగు కొట్టింది. కార్డు నా చేతిలో చెమటకు తడిసిపోతోంది. ఎర్రసిరా నన్ను చూసింది. ఇది నేనే అడగాలి. నోటుపుస్తకం సంచిలో ఉంది. దాన్ని అక్కడే ఉంచేసి మంచం పక్కన స్టూలు లాక్కుని కూర్చున్నాను.

“మరి ఈ బండికి ఫిర్యాదేమిటి మావయ్యా?”

ఎలా వచ్చిందో ఆ పిలుపు. ఆయన పెన్సిలు మొన చూసుకున్నాడు. వీధిలోంచి ఏదో బండి గేరు మార్చిన చప్పుడు వినిపిస్తే తల అటు తిప్పి, అది దూరమయ్యేదాకా విన్నాడు.

“బ్రేకు మీద నమ్మకం లేదు,” అన్నాడు చివరికి. “కొత్త కాలు వేసుకుని బయటికెళ్ళానే అనుకో. గ్యారేజీ కుర్రాళ్ళ ముందు పడిపోతే? ముప్ఫై ఏళ్ళు వాళ్ళని నిలబెట్టి తిట్టినవాణ్ణి. వాళ్ళు నన్ను ఎత్తి నిలబెడితే...” ఆపేశాడు.

ఏమీ కాదు, మీరు పడిపోరు, ధైర్యంగా ఉండండి. ఈ మూడు మాటలూ నా నాలుక చివరిదాకా వచ్చాయి. మింగేశాను. ఎర్రసిరా చేతిలోంచి ఆ కాగితం తీసుకుని, వెనక్కి తిప్పి, నెమ్మదిగా పైకి చదువుతూ రాశాను.

“ఫిర్యాదు: బ్రేకు మీద నమ్మకం లేదు. కుర్రాళ్ళ ముందు పడిపోతానేమోనని భయం.”

“రిపేరు?” అన్నాడాయన, నన్ను పరీక్షిస్తున్నట్టు.

“నాకు తెలియదు మావయ్యా. కింద వర్క్‌షాపులో అడగాలి. రేపు పది గంటలకు.”

ఆయన గడ్డం గోక్కున్నాడు. భార్య వైపు చూశాడు. ఆవిడ ఊపిరి బిగబట్టి నిలబడింది.

“ఈ అమ్మాయికి తెలియనివి కూడా ఉన్నాయన్నమాట. నిన్న అన్నీ తెలిసినట్టే వచ్చింది. తే, ఆ కార్డు!”

నాలుగూ పదికి సంతకం పడింది. నాలుగూ పన్నెండుకు మేం వీధిలో ఉన్నాం. బస్సు లేదు. నాలుగున్నర అయింది, లేదు. ఎర్రసిరా వీధి చివరిదాకా చూసి, “నడుద్దాం” అంది. నడక కాసేపటికి పరుగైంది. పెద్ద కూడలి దగ్గర ఆవిడ చెప్పు తెగింది. నేను ఆగబోతే, “ఆగావంటే చంపుతా!” అని రెండు చెప్పులూ తీసి చేత పట్టుకుని ఉత్తకాళ్ళతో పరిగెత్తింది. యాభై ఏళ్ళ మనిషి, ఒక చేతిలో చెప్పులు, ఇంకో చేత్తో కుచ్చెళ్ళు పట్టుకుని, “తప్పుకోండి బాబూ, కాలు వెళ్తోంది, కాలు!” అని అరుస్తూ. జనం ఏ కాలో అర్థం కాకపోయినా తప్పుకున్నారు.

వర్క్‌షాపు గుమాస్తా రిజిస్టరు మూసి, కలం టోపీ బిగిస్తున్నాడు. బల్ల మీద నేను కార్డు కొట్టిన చప్పుడుకు ఉలిక్కిపడ్డాడు. గడియారం చూశాడు. మూడు నిమిషాలుంది. కలం టోపీ మళ్ళీ తీశాడు.

ఇద్దరం మెట్ల మీద కూలబడ్డాం. ఊపిరి అందాక ఆవిడ చెయ్యి చాపింది.

“ఏదీ, ఆ రాజీనామా?”

ఇచ్చాను. ఆవిడ చదవలేదు. కొంగున గుచ్చిన ఎర్ర కలం తీసి, ఉత్తరం పైన ఏదో రాసి తిరిగి ఇచ్చింది. ‘పై వర్క్‌షాపు వారి రిపేరు: రేపు పది గంటలకు రావలెను. తర్వాతి సంగతి వచ్చే వారం చూద్దాం.’

“వచ్చే వారం కూడా మానెయ్యాలనే ఉంటే మేడమ్?”

“మళ్ళీ పట్టుకురా. మళ్ళీ వాయిదా వేస్తా. నేను నాదాన్ని పంతొమ్మిదేళ్ళుగా వాయిదా వేస్తున్నా.”

కవర్లు మారిన సంగతి ఆవిడ కాలేజీకి దాచకుండా రాసింది. ‘నా పర్యవేక్షణలో జరిగింది’ అని తన సంతకమే పెట్టింది. శనివారం మా ఐదుగురినీ గుండ్రంగా కూర్చోబెట్టి, ముందుగా తన మూడో గడి చదివింది. పాతికేళ్ళ కిందటి తొమ్మిదో వారానిది, ఇప్పుడు కొత్తగా రాసినది. ఆ తర్వాత మాలో నోరు విప్పనివాళ్ళు లేరు. నా మీద ఎక్కువగా నవ్వినవాడు కిందటి నెలంతా రోజూ బస్సు దిగి కేంద్రం చుట్టూ రెండుసార్లు తిరిగి గాని లోపలికి రాలేకపోయాడట.

అంతకు ముందు, ఆ గురువారం. పది గంటలకు నేను వర్క్‌షాపు వాకిట్లో ఉన్నాను. తొమ్మిదింటికే వచ్చాననడం న్యాయం. ఫోర్‌మన్ గారు ఆటో దిగి, చంకకర్రల మీద లోపలికొచ్చి, కూర్చోకముందే కాలు తయారుచేసే మేస్త్రీతో తగువు పెట్టుకున్నాడు. “ఈ నట్టు ఇంత బిగిస్తారా ఎవరైనా? చీలమండా, మూసిన తలుపా?” మేస్త్రీ మొహం మొదట ఎర్రబడింది. కాసేపటికి ఇద్దరూ తలలు ఆనించి ఆ నట్టు మీదికి వంగారు.

తర్వాత రెండు ఇనుప కమ్మీల మధ్య ఆయన నిలబడ్డాడు. గది చివర అత్తయ్య, పక్కన ఎర్రసిరా. నేను కమ్మీ అవతల, కాగితం పట్టుకుని. ఒక అడుగు. రెండు. మూడో అడుగుకు ఒళ్ళు పక్కకు ఒరిగింది. నా చెయ్యి దానంతటదే ముందుకెళ్ళింది.

“పట్టుకోకు! రాసుకో!” అని గర్జించాడు కమ్మీ మీద వాలి. “ఎడమవైపు లాగుతోంది!”

రాశాను. నా చేతులు వణుకుతున్నాయి. అదీ రాశాను. తలెత్తేసరికి ఎర్రసిరా మేస్త్రీ బల్ల మీది ఇనుప స్కేలు తెచ్చుకుని, వచ్చే వారం ఫారాల కట్ట ఒళ్ళో పెట్టుకుని, ఒక్కో కాగితానికీ కుడివైపు నాలుగో గడి గీస్తోంది.

“ఏం రాశావు?” అని అరిచాడాయన, నాలుగో అడుగు వేస్తూ. “పైకి చదువు!”